ఒక ఫైలు, రెండు ప్యాకేజీల తగాదా

ప్రశ్న: ఉబుంటు 22.04లో నోడ్ (బ్రౌజరు బయట జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రాం) 12.22.9 ఉంది. బయటి రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) నుంచి కొత్త వెర్షన్ ఎక్కించబోతే సగంలో ఆగింది. '/యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్/నోడ్/కామన్.జిప్ఐ' ఫైలు లిబ్‌నోడ్-డెవ్ ప్యాకేజీలో కూడా ఉందంటోంది. '--ఫోర్స్-ఓవర్‌రైట్' (ఉన్న ఫైలు మీదే బలవంతంగా రాయడం) పెట్టేయమంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: వద్దు. డీపీకేజీ (ఉబుంటులో ప్యాకేజీలు విప్పి ఎక్కించే సాధనం) లెక్కలో ఒక ఫైలుకు ఒక ప్యాకేజీయే హక్కుదారు. ఉబుంటు నోడ్‌ను నోడ్‌జేఎస్, లిబ్‌నోడ్72, లిబ్‌నోడ్-డెవ్, ఎన్‌పీఎం (నోడ్ లైబ్రరీలు తెచ్చే సాధనం) అని విడివిడిగా ఇస్తుంది. బయటి రిపాజిటరీలో అన్నీ ఒకే మూట. లిబ్‌నోడ్-డెవ్‌తో పడదని ఆ మూట 'కాన్‌ఫ్లిక్ట్స్' వరుసలో రాసి ఉంటే ఆప్ట్ (ఏ ప్యాకేజీలు కావాలో తేల్చి, తెచ్చి డీపీకేజీకి ఇచ్చే సాధనం) ముందే పట్టుకునేది. రాయలేదు కాబట్టి ఫైళ్లు విప్పేదాకా సంగతి బయటపడలేదు.

బలవంతంగా రుద్దితే పాత హెడర్లు (కంపైల్ చేయడానికి వాడే ఫైళ్లు) కొన్ని, కొత్తవి కొన్ని ఒకే ఫోల్డర్లో కలగలిసిపోతాయి. రేపు లిబ్‌నోడ్-డెవ్‌కు అప్‌డేట్ వస్తే ఇదే గొడవ అటువైపు నుంచి మొదలవుతుంది.

పాతదాన్ని తీసేయడమే దారి. ముందు 'ఆప్ట్ -ఎస్ రిమూవ్ లిబ్‌నోడ్-డెవ్' కొట్టండి (ఆదేశాలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే). ఏమేం పోతాయో చూపిస్తుందే తప్ప ఏదీ తీయదు. నోడ్-జిప్, ఎన్‌పీఎం, 'నోడ్-'తో మొదలయ్యే పేర్లు బారెడు కనిపిస్తాయి, కంగారు పడకండి. కొత్త మూటలో ఎన్‌పీఎం ఉంటుంది. ఆ జాబితాలో ఉబుంటు-డెస్క్‌టాప్ లాంటి ముఖ్యమైన పేరు కనిపిస్తే మాత్రం అక్కడే ఆగాలి. అంతా సరే అనుకుంటే '-ఎస్' తీసి, ముందు 'సుడో' చేర్చి నడపండి. తర్వాత 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్', ఆపైన 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ నోడ్‌జేఎస్'.

చివర్లో 'ఆప్ట్-క్యాష్ పాలసీ నోడ్‌జేఎస్' చూడండి. మూడు నక్షత్రాల గుర్తు (***) ఉన్నదే ఇప్పుడు ఎక్కి ఉన్న వెర్షన్. ఏ రిపాజిటరీదో దాని కిందే ఉంటుంది. క్యాండిడేట్ (ఎక్కించబోయే వెర్షన్) దగ్గర ఇంకా 12.22.9 అనే ఉంటే కొత్త రిపాజిటరీ సరిగా చేరలేదు, లేదా 'ఆప్ట్ అప్‌డేట్' మరిచారు.

ప్రశ్న: పైథాన్‌లో ఒక లైబ్రరీ ఎక్కించగానే, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం 'నమ్‌పై 1.ఎక్స్‌తో కంపైలైన మాడ్యూల్' అంటూ ఆగిపోతోంది.

జవాబు: కొత్త లైబ్రరీ వెంట నమ్‌పై (పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే లైబ్రరీ) 2 వచ్చేసింది. 2024 జూన్‌లో వచ్చిన 2.0తో దాని బైనరీ అమరిక మారింది, 1.ఎక్స్ మీద కంపైలైన సీ మాడ్యూళ్లు అందులో నడవవు. ఆ మాడ్యూలుకు కొత్త వెర్షన్ ఉంటే అదే మేలు. లేకపోతే 'పిప్ ఇన్‌స్టాల్ "నమ్‌పై<2"'. కొటేషన్ గుర్తులు వదలకండి, వదిలితే షెల్ '<'ను ఫైలు నుంచి చదవమన్న గుర్తు అనుకుంటుంది. తర్వాత 'పిప్ చెక్' కొడితే ఇంకా ఏవి పడటం లేదో చెబుతుంది. కొత్త లైబ్రరీకి 2 తప్పనిసరైతే రెండూ ఒకచోట ఇమడవు, ఒక్కో ప్రాజెక్టుకు ఒక వెన్వ్ (లైబ్రరీలను విడిగా ఉంచే పైథాన్ ఫోల్డర్) పెట్టుకోవాల్సిందే.