మిల్లు కాటా దగ్గర ఆగిన ప్రోగ్రాం: పాత కాంపోనెంట్ల పని నేర్చుకోవాలా, వదిలేయాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఊరు. బీటెక్ సీఎస్ఈ అయ్యాక ఎనిమిది నెలలుగా తణుకులో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేస్తున్నాను. జీతం 14 వేలు. రైసు మిల్లులకు కాటా, బిల్లింగ్ ప్రోగ్రాం ఇస్తాం. పాత వీబీ 6 (విజువల్ బేసిక్ 6) డీఎల్ఎల్‌లను, అంటే వేరే ప్రోగ్రాంలు పిలిచి వాడుకునే కోడ్ ఫైళ్లను, కొత్త సీ షార్ప్ ప్రోగ్రాంకి కలపడమే నా పని. నా సిస్టంలో నడిచింది మిల్లులో నడవదు, ‘క్లాస్ నాట్ రిజిస్టర్డ్’ అంటుంది. ఒకచోట రైతుల పేర్లు తెలుగులో కొడితే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఇంకోచోట గంట సేపు బాగానే నడిచి చెప్పాపెట్టకుండా మూసుకుపోతోంది. ఈ పాత చెత్త వదిలేసి అమీర్‌పేటలో ఏఐ కోర్సు చేయమని స్నేహితులు అంటున్నారు. నాన్నగారు డబ్బు సర్దుతానన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే మానకండి. నాన్నగారి డబ్బు కోర్సు ఫీజుకి పెట్టకండి. మీరు రాసిన మూడు తప్పులకీ మూడు వేరు వేరు కారణాలు ఉన్నాయి. వాటిని మీ అంతట మీరు పట్టుకోగలిగిన రోజున మీ విలువ 14 వేల దగ్గర ఆగదు.

వీబీ 6 వచ్చింది 1998లో. దానితో ప్రోగ్రాం రాసే పరికరానికి మైక్రోసాఫ్ట్ 2008 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆపేసింది. కానీ దాంట్లో తయారైన ప్రోగ్రాంలు విండోస్ 11లో ఇవాళ్టికీ నడుస్తున్నాయి. అందుకే మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో ఎవరూ వాటిని పీకి పారేయలేదు. 2002లో మైక్రోసాఫ్ట్ కొత్త వేదిక డాట్ నెట్ వచ్చాక కొత్త కోడ్ చాలావరకు సీ షార్ప్‌లోకి వెళ్లింది. పాత కోడ్ మాత్రం 1993 నాటి కామ్ (కాంపోనెంట్ ఆబ్జెక్ట్ మోడల్) పద్ధతిలోనే ఉండిపోయింది. రెండూ కలిసి పనిచేయాల్సిన చోట తప్పు పట్టుకునే మనిషి కావాలి. కొత్తగా కోర్సులు చేసి వస్తున్నవాళ్లలో ఆ పని తెలిసినవాళ్లు తక్కువ.

అసలు ఆ రెంటి మధ్య ఏం జరుగుతుందో ముందు మనసులో పెట్టుకోండి. మన డెల్టా కాలువల మీద లాకులు చూసే ఉంటారు. ఎగువ నీటిమట్టం వేరు, దిగువ నీటిమట్టం వేరు. లాకు తలుపులు సరిగ్గా వేసి తీస్తేనే పడవ దాటుతుంది. సీ షార్ప్ వైపు మేనేజ్డ్ కోడ్. అక్కడ మెమరీని గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది, వాడని వస్తువును తనకు వీలైనప్పుడు తీసేస్తుంది. కామ్ వైపు అలా కాదు. ఎంతమంది పట్టుకున్నారో లెక్క ఉంటుంది, ఆ లెక్క సున్నా అయితేనే వస్తువు పోతుంది. రెంటి మధ్యా ‘రన్‌టైం కాలబుల్ రాపర్’ అనే తొడుగు నిలబడుతుంది. మీ మూడు తప్పులూ ఈ సరిహద్దులోనే పుట్టాయి. మీ లెక్కల కోడ్‌లో వెతికితే దొరకవు.

మొదటిది, క్లాస్ నాట్ రిజిస్టర్డ్. అంటే విండోస్ తన వివరాలు రాసుకునే రిజిస్ట్రీలో ఆ క్లాసు ప్రోగ్రాంకి దొరకలేదని. దాని పక్కన 80040154 అనే నంబరు కూడా ఉంటుంది. ఈసారి నంబరు రాసుకోండి, మాటల కన్నా అదే నమ్మదగినది. మిల్లు కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి డీటెయిల్స్‌లోకి వెళ్లండి. పైన వరుస మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో ‘ప్లాట్‌ఫాం’ టిక్ పెట్టండి. మీ ప్రోగ్రాం 32 బిట్టా, 64 బిట్టా అక్కడే కనిపిస్తుంది. వీబీ 6 చేసేది 32 బిట్ డీఎల్ఎల్ మాత్రమే. 64 బిట్ ప్రోగ్రాం 32 బిట్ డీఎల్ఎల్‌ని తన లోపలికి ఎక్కించుకోలేదు. ఈ నియమానికి మినహాయింపు లేదు.

చాలామంది తికమక పడేది ఇక్కడే. రెగ్ఎస్‌వీఆర్32 అనే రిజిస్టర్ చేసే కమాండ్ కొడితే ‘సక్సీడెడ్’ అని వస్తుంది. అయినా ప్రోగ్రాం మాత్రం రిజిస్టర్ కాలేదంటుంది. రెండూ నిజమే. 32 బిట్ డీఎల్ఎల్ వివరాలు రిజిస్ట్రీలో ‘వావ్6432నోడ్’ అనే వేరే గదిలో పడతాయి. 64 బిట్ ప్రోగ్రాం ఆ గదిలోకి తొంగి చూడదు. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో ప్లాట్‌ఫాం టార్గెట్‌ని ‘ఎనీ సీపీయూ’ నుంచి ‘ఎక్స్86’కి మార్చండి.

మీ ఆఫీసులో పాత డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ నుంచి డాట్ నెట్ 8కి మారారా? అయితే ఒక్క లైను ముట్టుకోకపోయినా ఈ తప్పు వస్తుంది. విజువల్ స్టూడియో 2012 నుంచి ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టుల్లో ‘ప్రిఫర్ 32 బిట్’ అనే టిక్ ముందే ఉండేది, దాని నీడలో ఇన్నాళ్లూ నడిచింది. కొత్త డాట్ నెట్‌లో ఆ టిక్ లేదు. ఎక్స్86కి మార్చాక మిల్లు కంప్యూటర్‌లో 32 బిట్ డెస్క్‌టాప్ రన్‌టైం (డాట్ నెట్ ప్రోగ్రాం నడవడానికి కావలసిన ఫైళ్లు) కూడా వేయాలి. 64 బిట్‌ది ఉంది కదా అనుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

బిట్లు సరిపోయినా అదే నంబరు వస్తే వీబీ 6 ప్రాజెక్టులో కంపాటిబిలిటీ సెట్టింగ్ చూడండి. ‘బైనరీ కంపాటిబిలిటీ’ పెట్టకుండా డీఎల్ఎల్‌ని మళ్లీ కంపైల్ చేస్తే క్లాసులకు కొత్త గుర్తింపు సంఖ్యలు పడవచ్చు. అప్పుడు మీ సీ షార్ప్ ప్రోగ్రాం మాత్రం పాత సంఖ్య పట్టుకుని వెతుకుతూ ఉంటుంది. ‘నా సిస్టంలో నడుస్తోంది’ అన్న మాట వెనుక ఉండే అసలు కారణాల్లో ఇదొకటి. మీ సిస్టంలో పాతవీ కొత్తవీ అన్నీ రిజిస్టర్ అయి ఉంటాయి, మిల్లులో ఒక్కటే ఉంటుంది.

నంబరు 8007007ఇ అయితే కథ వేరు. రిజిస్ట్రీలో పేరుంది, కానీ ఆ దారిలో ఫైలు లేదు, లేదా ఆ ఫైలుకు కావలసిన ఇంకో ఫైలు లేదు. పెన్‌డ్రైవ్ మీదున్న డీఎల్ఎల్‌ని అక్కడి నుంచే రిజిస్టర్ చేసి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వచ్చేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. ప్రాసెస్ మానిటర్ అనే ఉచిత పరికరం నడపండి. ఫిల్టర్‌లో మీ ప్రోగ్రాం పేరు పెట్టి, ఫలితం ‘నేమ్ నాట్ ఫౌండ్’ ఉన్న వరుసలు చూడండి. కొన్ని వందలు వస్తాయి, కంగారు పడొద్దు. తప్పు పెట్టె తెరపైకి రావడానికి ముందున్న చివరి ఇరవై ముప్పై వరుసల్లో సమాధానం ఉంటుంది. 8007000బి అని వస్తే అది చాలావరకు 32, 64 గొడవే.

ఇక తెలుగు పేర్లు. విండోస్‌లో తెలుగుకు ఆన్సీ కోడ్ పేజీ (పాత పద్ధతి అక్షరాల పట్టిక) లేదు. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లోనే తెలుగు బతుకుతుంది. డీఎల్ఎల్ ఇంపోర్ట్ (కామ్ కాని మామూలు డీఎల్ఎల్‌ని సీ షార్ప్ నుంచి నేరుగా పిలిచే పద్ధతి) రాసినప్పుడు క్యారెక్టర్ సెట్ ఏమిటో చెప్పకపోతే సీ షార్ప్ దాన్ని ఆన్సీగా తీసుకుంటుంది. ఆ దారిలో దాటిన ప్రతి తెలుగు అక్షరమూ ప్రశ్నార్థకం అయిపోతుంది. అక్షరం ఎక్కడ చనిపోయిందో కళ్లతో చూడకండి, అంకెతో చూడండి. ‘కృష్ణ’ అని కొట్టి, ప్రతి మెట్టులోనూ మొదటి అక్షరం సంఖ్యను లాగ్ ఫైలులో రాయించండి. 3093 వస్తే ‘క’ క్షేమంగా ఉంది. 63 వస్తే అది ప్రశ్నార్థకం, అంటే అంతకు ముందు మెట్టులోనే పోయింది. 63గా మారిన అక్షరాన్ని వెనక్కి తెచ్చే ఉపాయం ఏదీ లేదు. కాబట్టి డేటాబేస్‌లోకి వెళ్లకముందే పట్టుకోవాలి.

ఇంకో రకం కూడా ఉంది. లాగ్‌లో 3093 ఉంటుంది, డేటాబేస్‌లోనూ ఉంటుంది, వీబీ 6 ఫారం మీద మాత్రం ప్రశ్నార్థకాలు. వీబీ 6 లోపల అక్షరాలను యూనికోడ్‌లోనే దాస్తుంది. దాని సొంత లేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు మాత్రం ఆన్సీలో చూపిస్తాయి. అప్పుడు డేటా చెడలేదు, చూపించడం చెడింది. ఆ ఒక్క ఫారాన్ని సీ షార్ప్‌లో తిరగరాయండి, డేటా జోలికి వెళ్లొద్దు. పాత పేర్లు అను ఫాంట్ల లాంటి వాటిలో కొట్టి ఉంటే అవి యూనికోడే కాదు. వాటిని మార్చడం వేరే పని, దీనితో కలపకండి.

మూడోది అన్నిటికన్నా విలువైన పాఠం. మీ కాటా డీఎల్ఎల్ తూకం నిలబడినప్పుడల్లా మీ ప్రోగ్రాంని తిరిగి పిలుస్తుందా? అలా అయితే ఎక్కువ భాగం అనుమానం ఒక్కచోటే పెట్టవచ్చు. అలా తిరిగి పిలవడానికి మీరు ఇచ్చిన చిరునామాని డెలిగేట్ అంటారు. దాన్ని ఏ ఫీల్డులోనూ దాచకుండా నేరుగా పంపి ఉంటారు. సీ షార్ప్ వైపు దాన్ని ఎవరూ పట్టుకుని లేరు గనక గార్బేజ్ కలెక్టర్ తీసేస్తుంది. డీఎల్ఎల్‌కి ఆ సంగతి తెలియదు. మళ్లీ లారీ కాటా ఎక్కగానే లేని చిరునామాకి ఫోన్ చేస్తుంది, ప్రోగ్రాం పడిపోతుంది. గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు గనక ఒకసారి గంటకి, ఇంకోసారి పూటకి పడుతుంది. చుట్టూ ట్రై క్యాచ్ (తప్పు వస్తే పట్టుకునే కోడ్) పెట్టినా ఆగదు. ఇలాంటి మెమరీ తప్పును డాట్ నెట్ 4 నుంచి మామూలు క్యాచ్ పట్టుకోదు. చెప్పాపెట్టకుండా మూసుకుపోవడం అందుకే. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరవండి, సీ0000005 అనే కోడ్ కనిపిస్తే మెమరీ తప్పేనని తెలుస్తుంది.

అనుమానాన్ని రుజువు చేయడం ఇలా. సెకనుకోసారి జీసీ కలెక్ట్ (గార్బేజ్ కలెక్టర్‌ని బలవంతంగా నడిపే కమాండ్) పిలిచే టైమర్ ఒకటి పరీక్ష కోసం పెట్టండి. గంటకి వచ్చే తప్పు కాస్త నిమిషంలో వస్తుంది. తర్వాత డెలిగేట్‌ని స్టాటిక్ ఫీల్డులో దాచి అదే టైమర్‌తో రెండు గంటలు నడపండి. పడకపోతే కారణం దొరికినట్టే. టైమర్ తీసేసి మిల్లుకి ఇవ్వండి.

అప్పటికీ పడితే కొలతలు చూడండి. వీబీ 6 ఇంటీజర్ 2 బైట్లు, సీ షార్ప్ ఇంట్ 4 బైట్లు. వీబీ 6 లాంగ్ 4 బైట్లు, సీ షార్ప్ లాంగ్ 8 బైట్లు. పేరు ఒకటే అని కళ్లు మూసుకుని రాస్తే పక్కవాడి మెమరీ మీద రాసినట్టే. బూలియన్ వీబీ 6లో 2 బైట్లు, డీఎల్ఎల్ ఇంపోర్ట్‌లో ఏమీ చెప్పకపోతే 4. స్ట్రక్చర్ (కొన్ని విలువలు కలిపిన కట్ట) పంపుతుంటే దాని సైజు కొలిచే మార్షల్ సైజ్ఆఫ్ ఎంత చెబుతోందో, అవతలి వైపు ఎంత ఉండాలో కాగితం మీద రాసి పోల్చండి. రోజువారీ రిపోర్ట్ తీశాక ఎక్సెల్ టాస్క్ మేనేజర్‌లో అలాగే మిగిలిపోతుందా? కామ్ లెక్క సున్నా కాలేదన్నమాట. అదీ ఈ కుటుంబంలోదే.

ఇక ఉద్యోగం మాట. వచ్చే ఆరు నెలల్లో ఒక నోట్‌బుక్ నింపండి. ప్రతి తప్పుకీ లక్షణం, నంబరు, బిట్లు, మీ అనుమానం, దాన్ని ఎలా రుజువు చేశారు, ఏం మార్చారు అన్నది రాయండి. ‘రీస్టార్ట్ చేస్తే పోయింది’ అన్నవి రాయకండి, అవి దొరికినవి కావు. పాతిక మంచి తప్పులు చేరితే ఇంటర్వ్యూలో రెండు గంటలు మాట్లాడగలరు. మిల్లు పేరు, రైతుల పేర్లు మాత్రం అందులో ఉండకూడదు.

ఆ తర్వాతి మెట్టు, 32 బిట్ డీఎల్ఎల్‌ని చిన్న వేరే ప్రోగ్రాంలో పెట్టి, నేమ్డ్ పైప్ (రెండు ప్రోగ్రాంలు మాట్లాడుకునే విండోస్ దారి) ద్వారా 64 బిట్ ప్రధాన ప్రోగ్రాంతో మాట్లాడించడం. డీఎల్ఎల్ పడినా బిల్లింగ్ పడదు. ఇది ఒక్కటి మీ చేత్తో చేసి చూపితే డాట్ నెట్ మైగ్రేషన్, ప్రొడక్షన్ సపోర్ట్, ఫ్యాక్టరీ ఆటోమేషన్ ఉద్యోగాలకు ధైర్యంగా దరఖాస్తు పెట్టొచ్చు. ఫ్యాక్టరీల్లో యంత్రాల డేటా తీసుకోవడానికి వాడే పాత ఓపీసీ పద్ధతి కూడా కామ్ మీదే కట్టింది. నేర్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఖర్చేమీ లేదు. విజువల్ స్టూడియో కమ్యూనిటీ, తప్పులు వెతికే విన్‌డీబీజీ, ప్రాసెస్ మానిటర్ మూడూ ఉచితమే.

ఏఐ నేర్చుకోవద్దని కాదు. సాయంత్రాలు పైథాన్ మొదలుపెట్టండి. పైథాన్ లైబ్రరీల్లో చాలా వాటి కింద సీ కోడే ఉంటుంది, అక్కడా ఇవే బిట్లు, ఇవే మెమరీ, ఇదే సరిహద్దు. ఇక్కడ నేర్చుకున్నది అక్కడ వృథా కాదు. అయితే ఏడాది గడిచినా మీ చేతికి సోర్స్ కోడ్ ఇవ్వకుండా, మిల్లు మిల్లుకీ తిరిగి రిజిస్టర్ చేసి రావడమే పని అయితే మాత్రం ఆ ఆఫీసు మారండి. అది అనుభవం కింద లెక్కకు రాదు.

నాన్నగారికి ఒక మాట. కోర్సు ఫీజుకి బదులు 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఇప్పించండి. అందులో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టి, ఏమీ ఇన్‌స్టాల్ చేయని ఖాళీ విండోస్ మీద ప్రతి వెర్షన్‌నీ నడిపి చూశాకే మిల్లుకి పంపొచ్చు. మిల్లు కంప్యూటర్‌లో విజువల్ స్టూడియో ఉండదు, మీ సిస్టంలో ఉంటుంది. చాలా తప్పులు ఆ తేడాలోంచి వచ్చేవే.

సార్వా ధాన్యం వచ్చే నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా ధాన్యం వచ్చే ఏప్రిల్, మే నెలల్లో కొత్త వెర్షన్ వేయకండి. కాటా ముందు ట్రాక్టర్లు బారు కట్టి ఉన్నప్పుడు ప్రయోగాలు చేస్తే నష్టపోయేది రైతు. ఈలోగా ఆ మూసుకుపోయే మిల్లుకి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ప్రాసెస్ మానిటర్, ప్రోగ్రాం పడినప్పుడు దాని మెమరీని ఫైలుగా దాచే ప్రాక్‌డంప్, 32 బిట్ రన్‌టైం, ఇప్పుడు నడుస్తున్న పాత వెర్షన్ కాపీ పెట్టుకుని వెళ్లండి. ముందు ఈవెంట్ వ్యూయర్ ఫోటో తీయండి. ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోండి.