ట్రస్టు రిజిస్టరైన మర్నాడే క్లినిక్ తెరవొచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అపార్ట్‌మెంట్ పక్కన కట్టుబడి పనికి వచ్చిన అనంతపురం మేస్త్రి ఒకాయన, షుగర్ ఉందని తెలియకుండానే కాలు పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి నేను, నలుగురు స్నేహితులు కలిసి నెలకు రెండు ఆదివారాలు వర్తూరు వైపు లేబర్ షెడ్లలో బీపీ, షుగర్ చూస్తున్నాం. మా మరదలు డాక్టరు, కర్నూలులో ఎంబీబీఎస్ చేసింది. తనే చూసి మందులిస్తుంది. ఖర్చులకు స్నేహితులు ఫోన్‌పేలో నాకే పంపుతున్నారు. ఇప్పటికి 3,80,000 రూపాయలు వచ్చాయి. ఇప్పుడు మా సొంతింటి కింది వాటాలో రోజూ నడిచే క్లినిక్ పెట్టి, మనిషికి 20 రూపాయలు తీసుకుందామని ఆలోచన. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య పది లక్షలు ఇస్తానన్నాడు. ఆఫీసువాళ్లు విరాళానికి పన్ను మినహాయింపు ఇచ్చే ఎయిటీ జీ ఉంటేనే ఇస్తామంటున్నారు. ట్రస్టు పెట్టాలా, సొసైటీనా, కంపెనీనా? రిజిస్టర్ కాగానే క్లినిక్ తెరవొచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. తెరవకూడదు. ట్రస్టు డీడు మీకిచ్చేది పదిమంది డబ్బు పట్టుకునే హక్కు. రోగి చెయ్యి పట్టుకునే హక్కు దాంతో రాదు, దానికి వేరే చట్టం, వేరే ఆఫీసు. ఈ రెండూ ఒకటే అనుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి నేరుగా రిబ్బన్ కటింగ్‌కి వెళ్లినవాళ్లు నా దగ్గరికి నోటీసు పట్టుకుని వస్తుంటారు.

మీరు అడగని సంగతి ఒకటుంది, నాకు అదే ఎక్కువ టెన్షన్. ఆ 3,80,000 మీ సేవింగ్స్ అకౌంట్లో మీ జీతంతో, ఇంటి ఈఎంఐతో కలిసిపోయి ఉంది. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి ఊరికే వచ్చిన డబ్బును ఆదాయపు పన్ను చట్టం మీ ఆదాయంగానే చూస్తుంది. ‘అది నాది కాదు సార్, కూలీల మందులకు’ అంటే నమ్మడానికి కాగితం కావాలి. కాబట్టి ఈ వారమే కూర్చుని మొదటి రోజు నుంచి స్టేట్‌మెంట్ తీయండి. ఎవరు, ఎంత, ఏ తారీఖున పంపారు, దేనికి ఖర్చయింది అన్నది ఒక ఎక్సెల్ షీట్లో ఎక్కించండి. గ్లూకోమీటర్ స్ట్రిప్‌ల బిల్లు, మందుల షాపు బిల్లు, ఆటో ఛార్జీ కూడా వదలొద్దు. మిగిలినదాన్ని వేరే అకౌంట్లోకి మార్చి ముట్టుకోకండి. ట్రస్టుకు అకౌంట్ వచ్చాక, ఆ జాబితా జతచేసిన ఉత్తరంతో ఒకేసారి అటు పంపండి. పంపే ముందు షీటు ఒకసారి ఆడిటరుకు చూపించండి. ఇప్పటిదాకా పంపినవాళ్లకు మాత్రం ఎయిటీ జీ రసీదు రాదు, వెనక తేదీ వేసి ఇవ్వమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. కొత్తగా పంపుతామన్నవాళ్లను రెండు నెలలు ఆగమనండి.

ఇక ట్రస్టా, సొసైటీనా, కంపెనీనా? అందరూ దీనిమీదే తలలు బద్దలు కొట్టుకుంటారు గానీ మీ విషయంలో ఇది తేలిక. సొసైటీకి 1960 నాటి కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా దాఖలు తప్పవు. గొడవలు ముదిరితే 27ఏ సెక్షన్ కింద ప్రభుత్వమే అడ్మినిస్ట్రేటర్ని కూర్చోబెట్టొచ్చు. మనవాళ్ల సంఘాల ఎన్నికలు ఎలా జరుగుతాయో మీకూ తెలుసు, ఇంకేమీ అనను. 2013 కంపెనీల చట్టం కింద సెక్షన్ 8 కంపెనీకి, అంటే లాభాపేక్ష లేని కంపెనీకి, ఇద్దరు చాలు, పెద్ద దాతలు దాన్ని ఎక్కువ నమ్ముతారు. కానీ పైసా రాని ఏడాది కూడా ఆడిట్ చేయించి, ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) దగ్గర లెక్కలు దాఖలు చేయాల్సిందే, ఆలస్యమైతే రోజుకింత జరిమానా. ఐదుగురు స్నేహితులు, ఒక డాక్టరు, ఒక గది ఉన్న మీకు పబ్లిక్ చారిటబుల్ ట్రస్టు సరిపోతుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు కావేరి పోర్టల్లో స్లాట్ తీసుకుని సబ్ రిజిస్ట్రార్ దగ్గర డీడు రిజిస్టర్ చేయించుకోవడమే. రేపు మూడు క్లినిక్‌లు, ముప్పైమంది జీతగాళ్లు అయితే అప్పుడు కంపెనీ సంగతి చూద్దాం.

డీడు మాత్రం ఇంటర్నెట్‌లోంచి దించుకోవద్దు. కిందటేడు ఒక కుర్రాడు తెచ్చిన డీడులో ‘చారిటీ కమిషనర్ ముందస్తు అనుమతితో’ అని ఆరు చోట్ల ఉంది. అది మహారాష్ట్ర నమూనా. అక్కడ పబ్లిక్ ట్రస్టులకు ప్రత్యేక చట్టం, ఆ ఆఫీసు ఉన్నాయి, మన కర్ణాటకలో ఇలాంటి వైద్య ట్రస్టుకు అలాంటి కమిషనరే లేడు. లేని అధికారి అనుమతి లేకుండా ట్రస్టీని మార్చలేని ట్రస్టు అది! ఇంకొకరి డీడులో ఉచిత వైద్యంతో పాటు గోశాల, వృద్ధాశ్రమం, క్రికెట్ కోచింగ్, ‘ఇంకా ప్రజలకు ఉపయోగపడే ఏ పనైనా’ అని ఇరవై రెండు ఆశయాలున్నాయి. ఆశయాలు ఎన్ని రాస్తే అంత గొప్ప అనుకుంటారు. నిజానికి పన్ను చట్టంలో వైద్య సహాయం దానికదే ధర్మకార్యం. ప్రజోపయోగం అనే ఆ చివరి మాటకు మాత్రం, వ్యాపారం లాంటి పనుల రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదన్న మెలిక ఉంది. మీకు ఆ గొడవ ఎందుకు? పేదలకు వైద్యం, ఆరోగ్య అవగాహన, అంతవరకే రాయండి.

డీడులో ఇంకా నాలుగు మాటలు గట్టిగా ఉండాలి. ట్రస్టును రద్దు చేసి ఆస్తి వెనక్కి తీసుకునే వీలు లేదని, మూసేయాల్సి వస్తే మిగిలింది ఇలాంటి ఆశయాలున్న మరో రిజిస్టర్డ్ సంస్థకే పోతుందని, ట్రస్టీ చనిపోయినా తప్పుకున్నా కొత్తవారిని ఎలా తీసుకోవాలన్నది, చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలన్నది. మీరూ మీ ఆవిడా ఇద్దరే సంతకాలు పెట్టేవాళ్లైతే అది ఇద్దరి కిందికి రాదు, అర్థమైంది కదా. ఉత్సాహం కొద్దీ కింది వాటాను ట్రస్టు పేరిట రాసేయకండి. ఒకసారి పబ్లిక్ ట్రస్టుకు ఇచ్చింది మళ్లీ మీది కాదు, మీ పిల్లలదీ కాదు. వాడుకోవడానికి మాత్రం ఇస్తున్నట్టు ఒక అగ్రిమెంటు చాలు. అద్దె లేకుండా ఇస్తే గొడవే లేదు, తీసుకుంటే చుట్టుపక్కల రేటు దాటకూడదు. మీ మరదలి జీతానికీ ఇదే లెక్క. ట్రస్టీ భార్య చెల్లెలు చట్టం దృష్టిలో బంధువే. చేసిన పనికి తగ్గ జీతం ఇవ్వొచ్చు, అంతకు మించితే ట్రస్టు పన్ను మినహాయింపుకే ముప్పు. ఆవిడ పనిగంటలు, జీతం ఎంతన్నది తీర్మానం పుస్తకంలో రాసి, ఆ చర్చలో మీరు ఓటు వేయకండి.

డీడు రాగానే పాన్, బ్యాంకు అకౌంటు, ఆ వెంటనే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్. 1961 చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి, జనం నోట్లో మాత్రం ఇంకా ట్వెల్వ్ ఏ (ట్రస్టు రాబడికి మినహాయింపు), ఎయిటీ జీలే. కొత్త సంస్థకు ముందు మూడేళ్లకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. పని మొదలుపెట్టాక ఆరు నెలల్లోగా రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కు మళ్లీ అప్లై చేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే, ఆ తేదీ ఆడిటర్ ఫోన్లో కాకుండా మీ ఫోన్లో పెట్టుకోండి. ఏటా వచ్చినదాంట్లో 85 శాతం ఆశయాలకు ఖర్చు పెట్టాలి. క్యాంపులో క్యూఆర్ కోడ్ అతికించి ఊరూపేరూ తెలియని డబ్బు తీసుకుంటే, ఒక హద్దు దాటాక దానిమీద 30 శాతం పన్ను పడుతుంది. అందుకని వేసిన ప్రతివారి పేరూ చిరునామా రిజిస్టర్లో ఉండాలి.

మీ ఆఫీసువాళ్ల విషయంలో చిన్న మాట. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎయిటీ జీ మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లకు మీలాంటి సంస్థకిస్తే సగానికి మినహాయింపు, అదీ ఆదాయంలో ఒక పరిమితి దాకా, నగదైతే 2,000 దాటితే లేనే లేదు. ఎయిటీ జీ ఉంటేనే అంటున్నవాళ్లలో ఎందరు ఏ విధానంలో ఉన్నారో ముందు అడిగి చూడండి, నవ్వొస్తుంది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు మీద ఇప్పుడే ఆశ పెట్టుకోవద్దు. దానికి ఈ రెండు రిజిస్ట్రేషన్లతో పాటు మూడేళ్లు ఇలాంటి పని చేసిన చరిత్ర చూపించాలి.

అన్నయ్య డబ్బు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఆయన చేతిలో ఏ పాస్‌పోర్టు ఉంది? గ్రీన్ కార్డు వచ్చి ఇరవై ఏళ్లైనా, పాస్‌పోర్టు మనదే అయితే ఆయన భారతీయుడు. సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి చాలు. అమెరికా పౌరసత్వం తీసుకుని, భారత మూలాలున్న విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు మీద వచ్చిపోతుంటే మాత్రం ఆయన విదేశీ దాత. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా ఆ డబ్బు ట్రస్టు ముట్టుకోకూడదు. ఆయన ఎంతిస్తే ఆయన కంపెనీ కూడా అంతే కలుపుతుందంటారే, ఆ మ్యాచింగ్ డబ్బు అమెరికా కంపెనీదైతే అదీ విదేశీదే. ‘నా పర్సనల్ అకౌంట్లో వేయించుకుని ట్రస్టుకు నేను వేస్తాను’ అని మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. వద్దు. ఎన్ని చేతులు మారినా మొదట ఎక్కడి నుంచి బయల్దేరిందన్నదే చట్టం చూస్తుంది. పూర్తి రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. అంతవరకూ ఫలానా దాత, ఫలానా పనికి, ఇంత మొత్తం అని ముందస్తు అనుమతి అడిగే దారి ఉంది. అది వచ్చినా డబ్బు ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన అకౌంట్లోకే రావాలి.

ఇప్పుడు క్లినిక్. కర్ణాటకలో ప్రైవేటు వైద్యశాల ఏదైనా, పడకలున్నా లేకపోయినా, 2007 నాటి కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం (కేపీఎంఈ) కింద జిల్లా అధికారుల దగ్గర రిజిస్టర్ కావాలి. ఉచితం అనో, ట్రస్టు నడుపుతోందనో మినహాయింపు దొరకదు. ఆ అప్లికేషన్లో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుతారు. మీ మరదలి పేరు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లోనే ఉంటే, అక్కడి నుంచి ఎన్ఓసీ తెప్పించి కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌లో ఎక్కించుకోవాలి. డీడు పని ఒకవైపు నడుస్తుండగానే ఇది మొదలుపెట్టొచ్చు. ఇంటి కింది వాటాను క్లినిక్‌గా వాడుతున్నందుకు కార్పొరేషన్‌లో అడగాల్సినవి అడగండి. మీ ప్రాంతం ఇప్పుడు బెంగళూరు తూర్పు నగరపాలిక కిందికి వచ్చింది, పాత బీబీఎంపీ వార్డు ఆఫీసు చుట్టూ తిరిగి టైం పోగొట్టుకోకండి.

క్యాంపుల గురించి ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. వేలికి గుచ్చిన సూదులన్నీ ఎక్కడ వేస్తున్నారు? ఒక క్యాంపులో కళ్లారా చూశాను. ఖాళీ వాటర్ బాటిల్లో నింపి, మూత పెట్టి, సాయంత్రం చెత్త బండికి ఇచ్చేశారు. మర్నాడు ఆ బాటిల్ని ఉత్త చేతులతో ఏరేది పౌరకార్మికురాలు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు టీకా శిబిరాలకు, రక్తదాన శిబిరాలకు కూడా వర్తిస్తాయి. సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో వెళ్లాలి. క్లినిక్ పెట్టాక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీతో ఒప్పందం ఎలాగూ కావాలి. అప్పటిదాకా దగ్గర్లో రిజిస్టరైన ఆసుపత్రి ఒకదానితో ఉత్తరం రాయించుకుని, క్యాంపు చెత్త వాళ్లకు అప్పగించండి.

మందుల విషయం. డాక్టరు తన రోగికి తన చేత్తో మందిస్తే, షాపు నడపనంతవరకు, డ్రగ్ లైసెన్సు అక్కర్లేదు. డాక్టరు రాని ఆదివారం మీ టెస్టింగ్ టీమ్ కుర్రాడు పాత చీటీ చూసి స్ట్రిప్ చింపి ఇస్తే ఆ మినహాయింపు పోయినట్టే. కంపెనీ రెప్‌లు ఇచ్చే శాంపిళ్లు ఎవరికీ అమ్మకూడదు. ఏ మందు, ఏ బ్యాచి, ఎవరికి ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాసుకోండి.

ఇక ఆ 20 రూపాయలు. వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు 1995లో చెప్పింది: అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే చోటు వినియోగదారుల చట్టం కిందికి రాదు, పేరు రాసుకోవడానికి నామమాత్రంగా తీసుకున్నా తేడా లేదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరిని ఉచితంగా చూస్తే మాత్రం ఆ ఉచిత రోగులు కూడా కేసు వేయొచ్చు. కాబట్టి 20 చీటీ డబ్బులేనా, వైద్యం ఫీజా అన్నది తేల్చుకోండి. చీటీ డబ్బులే అయితే రసీదు మీద అలాగే రాయండి, అపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చినా అంతే తీసుకోండి, ‘వాళ్లు ఇచ్చుకోగలరు కదా’ అని 200 పెట్టొద్దు. వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే సివిల్ కోర్టు దారి ఎలాగూ తెరిచే ఉంటుంది. మీ మరదలి పేరిట అలాంటి కేసులకు పనికొచ్చే బీమా, ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, ఒకటి తీసుకోండి, ప్రీమియం ట్రస్టు కట్టొచ్చు.

బోర్డు చేయించే ముందు ఇంకొకటి. పేరు తెలుగులో పెట్టుకోండి, తెలుగులో రాయించుకోండి కూడా. కానీ బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలన్న చట్టంలో ఆసుపత్రులతో పాటు ట్రస్టులూ ఉన్నాయి. పెయింటర్‌కి ఆ కొలత ముందే చెప్పండి, రెండుసార్లు డబ్బు పెట్టక్కర్లేదు.