ట్రైలర్ తగిలించాకే కొలుచుకో, అల్లుడూ

చిత్తూరు

అల్లుడూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, మిగతా సగం నువ్వు పనిలో పడి మర్చిపోతావు. అందుకే రాసి పంపుతున్నా. బండి కింద దూరే ముందు మొత్తం చదువు.

మీ కఫీల్, అదే నిన్ను పనికి పెట్టుకున్న కువైటీ యజమాని, పికప్ ముందు భాగం కొంచెం లేపమన్నాడు. పెద్ద కోరికేం కాదు. ఆ షెవర్లే సిల్వరాడో 2500 హెచ్‌డీ కంపెనీ నుంచే వెనక ఎత్తుగా, ముందు వాలుగా వస్తుంది. ఖాళీగా నిలబెట్టి పక్క నుంచి చూస్తే ముక్కు కిందికి వేసుకున్నట్టు ఉంటుంది. నేను కువైట్‌లోని షువైఖ్‌లో ఉన్న రోజుల్లో పికప్ తెచ్చిన ప్రతి కువైటీ 'ముందు కొంచెం లేపు' అనేవాడు. లేపడానికేం, స్పానర్ తిప్పడం వచ్చిన ఎవడైనా లేపుతాడు. ఆ వాలు కంపెనీవాడు ఎందుకు పెట్టాడో తెలిసినవాడు మాత్రం ఎంతవరకు లేపాలో అక్కడ ఆపుతాడు.

నువ్వు బంగారుపాళెం వాడివి, నీకు ఇది చిటికెలో అర్థం కావాలి. తోతాపురి సీజన్‌లో మార్కెట్ నుంచి పల్ప్ ఫ్యాక్టరీలకు పోయే బొలెరో పికప్పులు చూశావు కదా. వెనక కాయలు గుట్టగా పోస్తారు. కమాన్ కట్టలు తిరగబడినంత పని అవుతుంది, ముక్కు పైకి లేస్తుంది. రాత్రిపూట మొగిలి ఘాట్‌లో అలాంటి బండి ఎదురొస్తే దాని లైట్లు రోడ్డు మీద కాదు, మన కళ్ళలో పడతాయి. డ్రైవర్‌ని అడుగు, స్టీరింగ్ తేలిపోతోందంటాడు. మీ కఫీల్ పడవ ట్రైలర్ తగిలించినప్పుడు మీ బండికీ అదే జరుగుతుంది. వెనక కూర్చుంటుంది, ముందు లేస్తుంది. లోడు పడ్డాక బండి సమానంగా నిలబడాలనే ఖాళీగా ఉన్నప్పుడు ముందు వాలు పెట్టారు. ఖాళీ బండిని సమానం చేశావంటే, ట్రైలర్ తగిలించిన రోజు ముక్కు ఆకాశం చూస్తుంది.

లెక్క కూడా చెబుతా, కఫీల్‌కు చెప్పడానికి పనికొస్తుంది. మామూలు ట్రైలర్ అయితే దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద, అంటే ట్రైలర్‌ను తగిలించే బండి వెనక గుండు మీద పడాలి. మూడు టన్నుల ట్రైలర్ అనుకో, 400 కిలోలు బాల్ మీద పడ్డాయనుకో. ఆ బాల్ వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది కాబట్టి ఏతాం మొక్కినట్టు మొక్కి, ముందు టైర్ల మీద నుంచి దాదాపు 140 కిలోలు తీసేస్తుంది. తిరగడానికీ బ్రేకుకీ ఎక్కువ ఆధారం ఆ టైర్లే. లైట్ల సంగతి చూడు. ముందు ఇంచున్నర లేపితే, 50 మీటర్ల దూరంలో వెలుగు అర మీటరు పైకి పోతుంది. దాని మీద ట్రైలర్ బరువు కూడా పడితే ఎదుటివాడి గతి ఏమిటి?

ఇక బండి కింద ఏముందో చెప్తా. ముందు కాయిల్ స్ప్రింగులు వెతక్కు, ఉండవు. టార్షన్ బార్లు ఉంటాయి, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. మన తిరుపతిలో కొండకు తిరిగిన పాత క్వాలిస్, టవేరా టాక్సీలకు ముందు ఉండేవి కూడా ఇవే, కాకపోతే దీనివి బాగా లావు. ఒక్కో పక్క ఒక్కో పొడవాటి కడ్డీ. ముందు కొన చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌లో, వెనక కొన క్యాబిన్ కింద ఉన్న అడ్డ మెంబర్‌లో ఒక 'కీ'లో కూర్చుని ఉంటుంది. ఆ కీని కింది నుంచి ఒక బోల్టు నెడుతుంటుంది. బోల్టు బిగిస్తే ముందు లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. ఇంచు, ఇంచున్నర వరకు ఆ బోల్టుతోనే అయిపోతుంది. బజారులో లెవెలింగ్ కీలని అమ్ముతారు. అవి కూడా కడ్డీని మెలిపెట్టే కోణం మార్చడమే, వేరే మాయ ఏం లేదు. నువ్వు వాటి జోలికి పోవద్దు. కీ మార్చాలంటే కడ్డీలో ఉన్న బలమంతా వదిలించాలి, దానికి ప్రత్యేకంగా టార్షన్ బార్ టూల్ ఉంటుంది. మామూలు పుల్లరు, సీ క్లాంపు పెట్టి చేసేవాళ్ళున్నారు. అది జారితే వేళ్ళతో పోదు.

ఒక మాట ప్రతి షెడ్డులోనూ వింటావు, బోల్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని. అది నిజం కాదు. కడ్డీ మందం మారలేదు, పొడవు మారలేదు, గట్టితనం ఎలా మారుతుంది? మరి బిగించాక బండి ఎందుకు కొడుతుందంటే, చక్రం కిందికి దిగడానికి ఉన్న చోటు తగ్గిపోతుంది. గుంట వచ్చినప్పుడు చక్రం దిగాలి కదా. నువ్వు బండిని లేపినంత మేర పై ఆర్మ్ తన కింది స్టాప్‌కు దగ్గరవుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే 'టక్' అని లోహం చప్పుడు వస్తే, స్ప్రింగు గట్టిపడి కాదు, ఆర్మ్ స్టాప్‌కు కొట్టుకుని. ట్రైలర్ తగిలిస్తే ముందు ఇంకొంచెం లేస్తుంది కాబట్టి ఆ మిగిలిన చోటు కూడా తరుగుతుంది. నా ఉత్తరంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తు పెట్టుకో. ఎత్తు ఖాళీ బండిని చూసి కాదు, ట్రైలర్ తగిలించి చూసి తేల్చుకోవాలి.

అందుకని ముందు కొలతలు. ట్యాంకు నింపు, టైర్లలో గాలి సరిచూడు, చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టు. ఒక్కో చక్రానికి హబ్ మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి నాలుగు కొలతలూ రాసుకో. నేల నుంచి కొలవొద్దు, టైరు అరుగుదల, గాలి లెక్క తప్పిస్తాయి. తర్వాత ట్రైలర్ మీద పడవ పెట్టి, సామాను కూడా వేసి, తగిలించి మళ్ళీ నాలుగూ కొలువు. ముందు ఎంత లేచిందో, వెనక ఎంత దిగిందో కాగితం మీద కనిపిస్తుంది. అలా తగిలించి ఉన్నప్పుడే చక్రం వెనక నుంచి చెయ్యి పెట్టి, పై ఆర్మ్‌కూ స్టాప్‌కూ మధ్య సందు చూడు. రెండు వేళ్ళు దూరకపోతే ఇక లేపడానికి చోటు లేదని అర్థం, కఫీల్‌కు ఆ సందే చూపించు. చోటుంటే ఇంచు లేపు. ఇంచున్నర దాటితే నేను ఒప్పుకోను. ఆపైన షాక్ అబ్సార్బర్లు పొడవువి వెయ్యాలి. ఫోర్ బై ఫోర్ కాబట్టి యాక్సిల్ కోణం పెరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి, గ్రీజు బయటికి కొడుతుంది. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు కూడా ఆ కోణంలో తొందరగా పోతాయి. పాతబండే అంటున్నావు కదా, లేపే ముందే అవన్నీ ఊపి చూడు. ఆడుతుంటే ముందు వాటిని మార్చు, ఎత్తు సంగతి తర్వాత.

పని రోజు: వెనక చక్రాలకు రెండు పక్కలా చెక్కలు పెట్టు. ముందు ఫ్రేమ్ కింద జాకీ వేసి చక్రాలు గాల్లో వేలాడేదాకా ఎత్తు, తర్వాత స్టాండ్లు పెట్టు. జాకీని నమ్ముకుని కిందికి దూరొద్దు. అక్కడి ఇసుకకు బోల్టు మరలు నిండిపోయి ఉంటాయి. వైరు బ్రష్షుతో రుద్ది, నూనె కొట్టి, కాసేపు నానబెట్టు. బోల్టు మీద పెయింటుతో ఒక గీత గీసుకో, ఎన్ని మరలు బయట ఉన్నాయో ఫోటో తీసుకో. ఇంపాక్ట్ గన్ వాడొద్దు, చేతి పానాతోనే. మొహం బోల్టుకు సూటిగా పెట్టొద్దు. రెండు పక్కలా సమానంగా తిప్పాలని రూలేం లేదు. డ్రైవర్ పక్క ఒక్కోసారి ముందే కాస్త దిగి ఉంటుంది. తిప్పిన చుట్లు లెక్కపెట్టి కూర్చోకు, ఎత్తులు సమానం చెయ్యి.

బండిని దించగానే కొలవొద్దు. గాల్లో ఉన్నప్పుడు టైర్లు లోపలికి ముడుచుకుంటాయి, దించినప్పుడు అలాగే నేలను పట్టుకుని బండిని ఎత్తులో నిలబెడతాయి. కుర్రాళ్ళు అది చూసి 'మామా, రెండించులు లేచింది' అని సంబరపడతారు. నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నడిపి, బంపర్ మీద బరువేసి ఊపి, అప్పుడు టేపు పెట్టు. ఒక రోజు తిప్పాక మళ్ళీ చూడు.

అలైన్‌మెంట్ తప్పనిసరి. 'బండి నేరుగానే పోతోందిలే' అనొద్దు. ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం నిలువులో వాలు), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరగడం) రెండూ మారతాయి, కొత్త టైర్లు ఒక అంచున అరిగిపోయాక గాని తెలియదు. పై ఆర్మ్ బోల్టులకు తిప్పి సర్దుకునే క్యాములు ఉంటాయి, మంచి షాపువాడికి అవి తెలుసు. హెడ్‌లైట్లు గోడ మీద వేసి కిందికి దించు. హిచ్ కూడా చూడు. ముందు ఇంచున్నర లేస్తే వెనక బాల్ దాదాపు అర ఇంచు దిగుతుంది. ట్రైలర్ ముందుకు వాలిపోకుండా బాల్ మౌంటు మార్చి, ట్రైలర్‌ను సమానం చేసుకో. చలికాలంలో ఎడారి క్యాంపుకు లాగే పెద్ద ట్రైలర్‌కు, దాని కంపెనీ ఒప్పుకుంటే, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొనమని చెప్పు. అది పోయిన బరువులో కొంత ముందు టైర్ల మీదికి తెస్తుంది. నన్నడిగితే ఎత్తు కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు అదే. కానీ అది కంటికి కనపడదు కదా, అందుకే ఎవరూ కొనరు.

టైర్ల సైజు పెంచాలన్న మాట కూడా ఆయన అన్నాడని చెప్పావు. దానికి ఇప్పుడే ఊ అనకు. పెద్ద టైరు వేస్తే గేరు బలం తగ్గుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది, లాగే బండికి రెండూ నష్టమే. ఉన్న సైజులోనే లోడు రేటింగ్ సరైనవి ఉంటే చాలు.

చివరిగా ఒక సంగతి, ఇది మెకానిక్ మాట కాదు, మామ మాట. బండి ఆయనది, స్టీరింగ్ నీ చేతిలో ఉంది. ఏదన్నా జరిగితే ముందు అడిగేది డ్రైవర్‌నే. అందుకని ఎంత లేపాలో, ఎందుకు అంతకు మించొద్దో వాట్సాప్‌లో నువ్వే రాసి పంపి, ఆయన 'సరే' అన్నాకే పానా పట్టు. దఫ్తర్ (బండి రిజిస్ట్రేషన్ కాగితం) రెన్యూవల్‌కు ముందు ఇలాంటి మార్పులకు అక్కడ ఇబ్బంది ఉందేమో ఆయన్నే కనుక్కోమను. అది ఆయన నోటితో తేలాలి, నీతో కాదు.

మీ అమ్మ మోకాలికి మందు మార్చారు, పర్వాలేదు, నడుస్తోంది. కొలతలు రాసుకున్న కాగితం ఫోటో పంపు. ట్రైలర్ లేనివి, ఉన్నవి రెండూ. అవి చూశాకే ఎంత తిప్పాలో చెబుతా.

మీ మామ