ఇంటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఎంత రాయించుకోవాలి?

ప్రశ్న: మేము టెక్సాస్‌కు వచ్చి మూడేళ్లయింది. డాలస్ దగ్గరి మెకిన్నీలో 2004లో కట్టిన ఇంటికి ఒప్పందం రాసుకున్నాము. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు 76 పేజీలు వచ్చింది. నిరుడు ఇల్లు కొన్న మా మిత్రుడికి 18 పేజీలే ఇచ్చారట. ఇంత వివరం అవసరమా? రిపోర్టు జతచేస్తున్నాను. ఒప్పందం నుంచి వెనక్కి తగ్గడానికి మాకున్న గడువు, అంటే ఏడు రోజుల ఆప్షన్ పీరియడ్‌లో, మూడు రోజులు గడిచిపోయాయి.

జవాబు: మీరు 76 పేజీలను చూసి భయపడుతున్నారు గానీ, నన్ను ముంచినది 14 పేజీల రిపోర్టు. ఆ సంగతి కొంత విస్తారంగానే చెప్పవలసి ఉంటుంది. మీకది ఉచితంగా దొరుకుతోంది. నాకు మాత్రం 6,400 డాలర్లు పడింది.

నేను ఇర్వింగ్‌లో మొదటి ఇల్లు కొన్నది 2011 ఫిబ్రవరిలో. సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీకి ఈ ప్రాంతమంతా ముస్తాబవుతున్న వారం అది; రోడ్లన్నీ మంచు గడ్డకట్టి, బయటికి అడుగుపెడితే జారిపడేలా ఉండేది. ఆ ఇంటికి తూర్పు వాకిలి, ఆగ్నేయంలో వంటగది, ఈశాన్యంలో ఏ బరువూ లేదు. తెనాలిలో ఉన్న మా నాన్నగారికి ప్లాను పంపి, సిద్ధాంతిగారి చేత సరేననిపించుకున్న తరువాత, ఇక చూడవలసినదేమీ లేదనే అనుకున్నాను. ఇంటి విలువ కట్టడానికి బ్యాంకువారు చేయించే అప్రైజల్‌కూ, లోపాలు తెలుసుకోవడానికి మనం చేయించుకునే ఇన్‌స్పెక్షన్‌కూ ఉన్న తేడా కూడా నాకు అప్పట్లో తెలియదు, చెప్పేవారూ లేరు. నలుగురు ఇన్‌స్పెక్టర్లకు ఫోన్ చేసి, అందరికంటే వంద డాలర్లు తక్కువ అడిగినాయన్ను పిలిచాను. ఆయన గంటన్నరలో పని ముగించి, హాయిగా చదువుకోదగిన 14 పేజీలు ఇచ్చి వెళ్లాడు.

టెక్సాస్‌లో ఈ రిపోర్టును రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ నిర్ణయించిన ఫారంలోనే ఇస్తారు. నియమాలన్నీ కమిషన్ వెబ్‌సైటులో ఉన్నాయి, చూసుకోండి. ప్రతి అంశం పక్కనా నాలుగు గడులుంటాయి: చూశాము, చూడలేదు, ఇంట్లో అది లేదు, లోపముంది. నేను ‘లోపముంది’ గడిలోని గుర్తులను మాత్రమే లెక్కపెట్టుకుని, తొమ్మిదే ఉన్నాయని సంతోషించాను. ఏసీ దగ్గర మాత్రం ‘చూడలేదు’ గడిలో గుర్తు పెట్టి, పక్కన ‘బయట చలి’ అని రాసి ఉంది. బయట 60 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువ ఉన్నప్పుడు నడిపితే కంప్రెసర్ దెబ్బతినవచ్చని ఇన్‌స్పెక్టర్లు సాధారణంగా ఏసీని వేసి చూడరు. అందులో ఆయన తప్పేమీ లేదు. అయితే ఆ యంత్రం ఏ సంవత్సరానిదో దాని మీది ప్లేటు చూసి రాయడానికి ఎండ కాయనక్కరలేదు కదా. ఆయన రాయలేదు, నేను అడగలేదు.

ఆ ఏడాది జులై 2 నుంచి ఆగస్టు 10 వరకు, వరుసగా 40 రోజులు, డాలస్‌లో పగటి ఎండ వంద డిగ్రీలకు తగ్గలేదు. మొదటి వారం ముగియకుండానే మా ఏసీ ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ ప్లేటు మీది దుమ్ము తుడిచి, అది 1993 నాటిదని చెప్పి, నా ముఖం వంక జాలిగా చూశాడు. అప్పుడు మా ఆవిడ ఏడు నెలల గర్భిణి. బేరమాడే స్థితిలో లేక, 6,400 డాలర్లు క్రెడిట్ కార్డు మీద గీయించాను. ఆనాటి మారకం ప్రకారం దాదాపు 2.8 లక్షల రూపాయలు. ఈశాన్యంలో బరువు లేదని మురిసిపోయినవాడికి అటకలో కూర్చున్న బరువు కనబడలేదు.

దాని ప్రభావంతో, 2016లో ఫ్రిస్కోలో రెండో ఇల్లు కొన్నప్పుడు అందరికంటే ఎక్కువ అడిగిన ఇన్‌స్పెక్టరును పెట్టుకున్నాను. ఆయన ఎర్ర బాణం గుర్తులతో 92 లోపాలు చూపించాడు. మా ఏజెంటు వద్దంటున్నా వినకుండా, ఆ జాబితా మొత్తాన్ని అమ్మేవారికి పంపాను. వారు ఎంతో మర్యాదగా 61 లోపాలు సరిచేయించారు: స్విచ్చుల మూతలు, కిటికీల చుట్టూ సందులు పూడ్చే కాక్, తోట కుళాయిలకు చిన్న వాల్వులు. మిగిలిపోయిన వాటిలో వడగళ్లకు దెబ్బతిన్న రూఫ్, తుప్పు పట్టిన వాటర్ హీటర్ ఉన్నాయి. సంఖ్యలో చూస్తే మూడింట రెండు వంతులు చేసినట్లే. డాలర్లలో చూస్తే ఏమీ చేయనట్లే. 92 ఇచ్చి ఏరుకొమ్మన్నది నేనే కనుక వారిని తప్పుపట్టలేను.

కాబట్టి పేజీల లెక్క వదిలేయండి. నేనిప్పుడు మన పిల్లలకు చెప్పే పరీక్ష ఒక్కటే: రిపోర్టులోని ఒక పేరాను, దాని ఫోటోతో సహా, ఇల్లు చూడని ప్లంబరుకో రూఫింగ్ వారికో పంపితే, వారు సుమారు ధర చెప్పగలగాలి. అందుకు లోపం ఏ గదిలో, ఏ వైపున ఉందో, కంటికి కనబడినదేమిటో, దానివల్ల ఏమి పాడవుతుందో, ఎవరిని పిలవాలో ఉంటే చాలు. ఏసీ, వాటర్ హీటర్‌ల విషయంలో తయారైన సంవత్సరం తప్పనిసరి. ధర ఎంతవుతుందో ఇన్‌స్పెక్టరును రాయమనకండి. అది ఆయన బాధ్యత కాదు. ‘గమనిస్తూ ఉండండి’ అన్న మాట ఎక్కడ కనబడినా ఆగిపోండి. దేనిని, ఎన్నాళ్లు, ఎంత పెరిగితే భయపడాలో చెప్పని ఆ వాక్యం మీ జేబును ఏ మాత్రం కాపాడదు. గోడకున్న మేకు రంధ్రాల గురించి ఆయన అర పేజీ రాసినా నష్టం లేదు, మీరు చదవకపోతే సరి.

ఫౌండేషన్ విషయంలో మాత్రం వివరం ఎంత ఉన్నా ఎక్కువ కాదు. ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఫౌండేషన్ ఎలా పనిచేస్తోందో ఇన్‌స్పెక్టరు తన అభిప్రాయం రాసి తీరాలి గానీ, ‘బాగానే ఉంది’ అన్న ఒక్క మాటకు మూడు లక్షల డాలర్ల అప్పు తలకెత్తుకోకూడదు. గదిగదికీ నేల ఎత్తు కొలిచిన అంకెలు అడగండి. మీ రిపోర్టులో అవి 22వ పేజీలో ఉన్నాయి. మీ ఇన్‌స్పెక్టరు పనివాడే.

ఇక మీకు మిగిలింది నాలుగు రోజులు. ఈ రాత్రికి 76 పేజీలూ చదవకండి. ‘చూడలేదు’ గడిలో గుర్తున్నవి ముందు ఏరండి. నాకు మూడు కనబడ్డాయి, వాటిలో ఒకటి సామాన్లు అడ్డుగా ఉండటం వల్ల చూడలేకపోయిన కరెంటు బ్రేకర్ ప్యానెల్. ఆ సామాన్లు తీయించి, ఆయన్ను మళ్లీ పిలవండి. మరో నూరు డాలర్లు అడిగినా ఇవ్వండి. 31వ పేజీలో వాటర్ హీటర్ ఫోటో ఉంది గానీ సంవత్సరం లేదు, అదీ అడగండి. అమ్మేవారికి నాలుగైదు అంశాలకు మించి పంపవద్దు, అవి కూడా ధర అంచనాలు చేతికి వచ్చాకే పంపండి. వెనక్కి తగ్గదలచుకుంటే ఆ నోటీసు చివరి రోజు సాయంత్రం 5 గంటల లోపే వారికి చేరాలి. అర్ధరాత్రి వరకు గడువుందని మా ఆఫీసులో ఒకరు పొరబడ్డారు.