చిన్న ఇంట్లో వేట ట్రోఫీలు ఎలా పెట్టుకోవాలి: నాన్న వదిలి వెళ్ళిన ఐదింటితో నా అనుభవం

మీ మామగారి నుంచి మూడు జింక తలలు (వేటాడిన జంతువు చర్మంతో చేసి గోడకు తగిలించేవి), ఒక జత విడి కొమ్ములు వచ్చాయని రాశారు. ఉన్నవి రెండు గదులు, ఇంట్లో మూడేళ్ల పాప. అన్నీ గోడకు పెట్టాలని ఉంది, ఎక్కడ పెట్టాలో తోచడం లేదు. నాది కూడా దాదాపు ఇదే కథ. నాన్న పోయాక ఆయన ట్రోఫీలు ఐదు నా దగ్గరికి వచ్చాయి. అన్నయ్య తన ఇంట్లో వద్దన్నాడు, అమ్మ పారేయనివ్వలేదు. నాకూ పారేయడానికి మనసు రాలేదు. చిన్నప్పుడు వాటి కిందే కూర్చుని చదువుకున్నాను.

ముందు అసలు మాట చెప్తాను. అన్నీ పెట్టకండి. ఒక్క తలను ఎంచుకుని, దాని చుట్టూ ఖాళీ వదిలి, బాగా పెట్టండి. నేను మొదట ఐదింటినీ ఒకే గోడకు ఎక్కించాను. గది ఇరుకైపోయింది, ఏ ఒక్కటీ కంటికి ఆనలేదు. నాన్నకు అన్నిటికన్నా ఇష్టమైన దుప్పి తల కూడా ఆ గుంపులో కలిసిపోయింది. నెల తిరక్కుండా అన్నీ దింపేశాను.

చిన్న గదిలో గోడ పొడవు కన్నా ముందు, తల ఎంత ముందుకు వస్తుందో కొలవండి. భుజాల దాకా చేసిన మామూలు జింక తల గోడ నుంచి అర మీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి ముందుకు వస్తుంది. పలకకు బిగించిన కొమ్ములు చాలా వరకు గోడకు దగ్గరగానే ఉంటాయి. టేపుతో కొలిస్తే ఈ తేడా అర్థం కాదు. అందుకే ఒక అట్టపెట్టెను ఆ కొలతలకు కత్తిరించి, ముక్కు ఎక్కడికి వస్తుందో అక్కడి దాకా వచ్చేలా గోడకు అతికించి, వారం రోజులు ఉంచండి. నేను అలా ఉంచిన మొదటి రోజే, గదిలోకి వస్తూ రెండుసార్లు దానికి భుజం తగిలించుకున్నాను. అట్ట కాబట్టి సరిపోయింది.

కింద ఎవరూ నడవని చోటు వెతకండి. సోఫా వెనక గోడ, పొట్టి బీరువా పైభాగం, పుస్తకాల అర పైన, ఇలాంటివి. తలుపు పైన వద్దు, ధడేలున వేసిన ప్రతిసారీ అదిరి స్క్రూ వదులవుతుంది. పొయ్యి ఉన్న గోడ అసలు వద్దు. వేడికి చర్మం ఎండి పగులుతుంది, నూనె జిడ్డు వెంట్రుకలకు పట్టుకుని వదలదు.

తల ఎటు తిరిగి ఉందో కూడా చూడండి. చాలా తలలు నేరుగా ముందుకు చూడవు, కాస్త పక్కకు తిరిగి ఉంటాయి. మనం ఎదురుగా నిలబడితే ఎడమకు చూసేదాన్ని గోడకు కుడి చివర పెట్టాలి. అప్పుడు చూపు గది లోపలికి వస్తుంది. మూల వైపు చూసేలా పెడితే అలిగి ముఖం తిప్పుకున్నట్టు ఉంటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నాన్న పాత ఇంట్లో తీసిన ఒక ఫోటో చూస్తుంటే తెలిసింది, ఆయన అలాగే పెట్టుకున్నారు.

ఇక బిగించడం. జింక తల ఏడు నుంచి పదకొండు కిలోల దాకా తూగుతుంది. నేను మొదట ప్లాస్టర్‌లోకి ఒక పొడుగాటి మేకు కొట్టి తగిలించాను. ఒక రాత్రి అది ఊడి పడింది. కొమ్ములకు ఏమీ కాలేదు గానీ ఎడమ చెవి విరిగింది. దాని కింద ఎవరూ పడుకుని లేరు, అది మా అదృష్టం. ఇటుక గోడైతే ప్లాస్టర్ దాటి ఇటుకలోకి కనీసం ఐదు సెంటీమీటర్లు డ్రిల్ చేసి, ఆ రంధ్రంలో స్క్రూకు పట్టు ఇచ్చే ప్లాస్టిక్ ప్లగ్ వేసి, లావు స్క్రూ బిగించండి. బోర్డు గోడైతే లోపలి నిలువు చెక్క ఎక్కడుందో వెతికి అందులోకే స్క్రూ వెయ్యాలి. అవి సాధారణంగా 40 లేదా 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. తగిలించే ముందు ఆ స్క్రూను పట్టుకుని మీ బలమంతా పెట్టి కిందికి లాగి చూడండి. కదిలితే ఆ చోటు వదిలేయండి.

మీ ఇంట్లో పాప ఉంది కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. పాత తలల చర్మం పురుగు పట్టకుండా ఆర్సెనిక్ అనే విషం రాసేవాళ్లు. 18వ శతాబ్దంలో మొదలైన ఆ పద్ధతి 1980ల దాకా అక్కడక్కడా సాగింది. చూసి కనిపెట్టలేం. మామగారి కాలంవి అంటున్నారు, కాబట్టి ఉందనే అనుకుని నడుచుకోవడం మంచిది. చేతులకు గ్లవ్స్, ముఖానికి మంచి మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు. చీపురుతో దులపడం, బ్యాట్‌తో కొట్టి దుమ్ము రాల్చడం వద్దు. పాప పడుకునే గదిలో, మంచం పైన అసలు పెట్టకండి. ఇల్లు చిన్నదైనప్పుడు చోటు దొరికేది పడకగదిలోనే, అందుకే నొక్కి చెప్తున్నాను. చర్మం పొడిపొడిగా రాలుతుంటే దాన్ని ఇంట్లో ఉంచుకోవద్దు, తెలిసిన టాక్సిడర్మిస్టుకు, అంటే ఇలాంటి తలలు తయారుచేసే పనివాళ్లకు చూపించండి.

మా ఐదింటిలో మూడు అలాగే ఉన్నాయి. వెంట్రుకలు ఊడిపోయి, పెదవులు పగిలి, చూడ్డానికే బాధగా ఉండేవి. వాటి చర్మం తీసేయించి కొమ్ములు మాత్రం ఉంచుకున్నాను. లోపల పుర్రె మొత్తం ఉంటుందని అనుకున్నాను. తీరా చూస్తే కొమ్ములు అంటుకున్న నెత్తి ఎముక ముక్క ఒక్కటే ఉంది, మిగతాదంతా చెక్క తురుమును దారంతో చుట్టి చేసిన ఆకారం. ఆ ముక్కలను చిన్న చెక్క పలకలకు బిగించారు. కిటికీకి, మూలకి మధ్య ఉన్న సన్నటి గోడ మీద మూడూ ఒకదాని కింద ఒకటి పట్టేశాయి. అన్నిటికన్నా కిందున్న కొమ్ము మొన కూడా పెద్దవాళ్ల తలకు పైనే ఉండాలి. మీ విడి కొమ్ములకూ ఇదే మంచి దారి. ఎముక పసుపెక్కి ఉంటే దూదితో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎముకకు మాత్రమే రాయండి, కొమ్ముకు తగిలితే దాని రంగు పోతుంది. బట్టల బ్లీచ్ వద్దు, అది ఎముకను గుల్ల చేస్తుంది.

నేరుగా ఎండ పడే గోడ వద్దు, రెండు మూడేళ్లలోనే వెంట్రుకలు వెలిసిపోతాయి. తేమ 50 శాతం అటూ ఇటూ ఉంటే చాలు. చిమ్మట, కార్పెట్ పురుగు మాత్రం ఏడాది పొడవునా శత్రువులే. జింక కొమ్ము ఎముక కాబట్టి దాని జోలికి పెద్దగా రావు, కృష్ణజింక (పేరుకు జింకే గానీ అది వేరే కుటుంబం) లాంటి వాటి కొమ్ము పైతొడుగు గోరు లాంటి పదార్థం కాబట్టి దాన్నీ తింటాయి. కింద నేల మీద సన్నటి పొడిగానీ వెంట్రుకలుగానీ కనిపిస్తే ఆలస్యం చేయకండి. చిన్న వస్తువైతే పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు, లేకపోతే చెమ్మ పడుతుంది. తిండి పెట్టుకునే ఫ్రీజర్‌లో మాత్రం ఆర్సెనిక్ అనుమానం ఉన్నదాన్ని పెట్టకండి.

కాగితాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. వారసత్వంగా వచ్చినా కొన్ని దేశాల్లో నమోదు చేయించుకోవాలి, కొన్ని జంతువులవి అమ్మడమూ ఇవ్వడమూ నేరం. సరిహద్దు దాటించాలంటే 1975లో అమల్లోకి వచ్చిన సైటీస్ (అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ) ఒప్పందం ప్రకారం చాలా జాతులకు పర్మిట్ కావాలి. నాన్న తన అనుమతి పత్రాలన్నీ ఒక కవర్లో దాచిపెట్టారు. వాటి కాపీలు ఒక్కో పలక వెనక అతికించాను.

ఐదో తల ఇప్పుడు అమ్మ దగ్గర ఉంది, ఆవిడే అడిగి తీసుకుంది. దుప్పి తల మా సోఫా వెనక గోడకు ఒక్కటే ఉంది, చెవి అతికించిన చోటు దగ్గరికి వెళ్తే తప్ప తెలియదు. మీ మూడు తలలు ఏ వైపు తిరిగి ఉన్నాయో, గోడ ఇటుకదో బోర్డుదో రాయండి. దేన్ని ఉంచాలో, ఎక్కడ పెట్టాలో నాకు తోచింది చెప్తాను.