ఓ నెగటివ్ ఫ్రిజ్‌లో ఉన్నా ఓ పాజిటివ్ ఎందుకు ఎక్కించారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. నాది ఓ నెగటివ్, ఏడాదికి రెండు మూడు సార్లు రక్తం ఇస్తుంటాను. పోయిన నెల మా బాబాయికి బైక్ యాక్సిడెంట్ అయ్యి బాగా రక్తం పోయింది. ఆయనకి 58 ఏళ్లు. ఎమర్జెన్సీలో గ్రూప్ కూడా చూడకుండా రెండు బ్యాగులు ఓ పాజిటివ్ ఎక్కించేశారు, తీరా చూస్తే ఆయనది ఏ నెగటివ్. ఆ టైంలో అక్కడ ఓ నెగటివ్ ఉందని తర్వాత తెలిసింది. మరి మాలాంటి వాళ్లు ఇచ్చిన రక్తం ఎవరి కోసం దాస్తున్నారు? ఆయనకి ముందు ముందు ఏమైనా ప్రమాదమా?

జవాబు: ముందు బాబాయి గారి సంగతి చెప్పేసి, తర్వాత మీ కోపం దగ్గరికి వస్తాను. ఆయనకి తప్పు రక్తం ఎక్కించలేదండీ. ఏ గ్రూప్ వాళ్ల ఒంట్లో బి కి వ్యతిరేకంగా యాంటీబాడీలు, అంటే పరాయి కణాల మీద దాడి చేసే ప్రోటీన్లు, పసితనంలోనే తయారైపోయి ఉంటాయి, అందుకే వాళ్లకి బి రక్తం ఎక్కిస్తే అప్పటికప్పుడే ప్రాణం మీదకి రావచ్చు. ఏ, బి అనేవి ఎర్ర కణాల మీద ఉండే గుర్తులు, వాటినే యాంటిజెన్లు అంటారు. ఓ గ్రూప్ కణాల మీద ఏ లేదు, బి లేదు, కాబట్టి ఆ గొడవ లేదు. ఇక పాజిటివ్, నెగటివ్ అనేది డి అనే ఇంకో యాంటిజెన్ లెక్క. నెగటివ్ వాళ్లకి దీని మీద యాంటీబాడీలు ముందే ఉండవు, పాజిటివ్ రక్తం ఒకసారి ఒంట్లోకి వెళ్లాకే, అదీ కొన్ని వారాలకి, అదీ కొందరిలోనే తయారవుతాయి. పెద్ద దెబ్బలు తగిలి వచ్చిన వాళ్లలో చూస్తే సుమారు 100 మందిలో 20, 30 మందికి వస్తాయంతే. ఇంతకు ముందు ఆయనకి రక్తం ఎక్కించి ఉండకపోతే ఆ రాత్రి ఓ పాజిటివ్ వల్ల రియాక్షన్ వచ్చే అవకాశం చాలా తక్కువ, రక్తం ఎక్కించకుండా రిపోర్ట్ కోసం కూర్చుని ఉంటే మాత్రం ఇవాళ మీరు వేరే ఉత్తరం రాసేవారు.

ఇప్పుడు "ఎవరి కోసం దాస్తున్నారు" అన్న మాటకి వద్దాం, దాస్తున్నది నిజమే కాబట్టి. ఎమర్జెన్సీలో గ్రూప్ తెలియని మగవాళ్లు, పిల్లలు పుట్టే వయసు దాటిన ఆడవాళ్లు వస్తే చాలా ఆస్పత్రుల రూల్ ఓ పాజిటివ్ తోనే మొదలుపెట్టమని. ఓ నెగటివ్ ని ఆడపిల్లలకి, 50 ఏళ్ల లోపు ఆడవాళ్లకి, గ్రూప్ తెలియని పసికందులకి అట్టేపెడతారు. కారణం ఏంటంటే, నెగటివ్ అమ్మాయికి ఇవాళ పాజిటివ్ రక్తం ఎక్కితే ఒంట్లో డి మీద యాంటీబాడీలు పుట్టి అలాగే ఉండిపోవచ్చు, పదేళ్ల తర్వాత ఆమె గర్భవతి అయి కడుపులో బిడ్డ పాజిటివ్ అయితే అవే యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ రక్తకణాలని పగలగొడతాయి. బిడ్డకి రక్తం తగ్గిపోతుంది, కామెర్లు వస్తాయి, కొన్నిసార్లు కడుపులోనే పోతుంది. 58 ఏళ్ల మనిషికి ఆ భయం లేదు. అసలు ఓ నెగటివ్ వాళ్లే తక్కువ, కొన్ని జనాభాల్లో 100 కి ఏడుగురు, మరికొన్ని చోట్ల ఒకరిద్దరే. పైగా మీలాంటి ఓ నెగటివ్ మనిషికే రక్తం కావాల్సి వస్తే మీకు సరిగ్గా పడేది అదొక్కటే, అందరికీ ఇవ్వగలిగిన మీరు అందరి దగ్గరా తీసుకోలేరు. ఈ ముక్క డోనర్లకి కూడా చాలామందికి తెలీదు.

ఆస్పత్రిలో ఇది ఎలా నడుస్తుందంటే, ఎమర్జెన్సీలోనో లేబర్ రూమ్ దగ్గరో ఒక చిన్న బ్లడ్ ఫ్రిజ్ ఉంటుంది, అందులో రెండో నాలుగో ఓ నెగటివ్ బ్యాగులు, 2 నుంచి 6 డిగ్రీల మధ్య, టెంపరేచర్ తప్పితే అలారం మోగుతుంది. డేట్ దగ్గరపడిన బ్యాగుని ముందే మెయిన్ బ్లడ్ బ్యాంక్‌కి వెనక్కి పంపి కొత్తది పెడతారు, వెనక్కెళ్లింది ఓ నెగటివ్ పేషెంట్‌కి, వాళ్లెవరూ లేకపోతే వేరే గ్రూప్ వాళ్లకి వాడేస్తారు, పారేయడం కన్నా అది నయం కదా. ఎర్ర కణాల ఆయుష్షు బ్యాగులో కలిపే మందుని బట్టి 35 రోజులో 42 రోజులో.

దీని విలువ నాకు మాటలతో అర్థం కాలేదు. పీజీ చేసే రోజుల్లో ఒక నైట్ డ్యూటీలో కడుపులో పుండు పగిలి రక్తం కక్కుకున్న పెద్దాయన వస్తే కంగారుపడి రెండు ఓ నెగటివ్ బ్యాగులు తెప్పించేశాను. బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్ ఫోన్‌లో "సార్, శాంపిల్ పంపారా?" అని రెండుసార్లు అడిగాడు, నేను విసుక్కున్నాను. ఈలోగా సెలైన్‌కే ఆయన బీపీ నిలబడింది, బ్యాగులు ట్రాలీ మీద మందుల ట్రే పక్కన పడున్నాయి, నేను చూసుకోలేదు. 40 నిమిషాల తర్వాత తీసుకెళ్లి ఇస్తే టెక్నీషియన్ బ్యాగుని అరచేత్తో పట్టుకుని చూసి పక్కన పెట్టేశాడు. అరగంట దాటి బయట ఉన్న రక్తాన్ని మళ్లీ స్టాక్‌లో పెట్టరు. రెండు బ్యాగుల మీద ఇద్దరు డోనర్ల నంబర్లు, ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీశాడు. ఒక్క మాట కూడా అనలేదు, అనుంటే బాగుండేది.

టెక్నీషియన్ శాంపిల్ గురించి ఎందుకు అడిగాడో చెప్తాను, ఇదే ఈ వ్యవహారం అంతటికీ గుండెకాయ. ఓ గ్రూప్ రక్తం ఎక్కించడానికి ముందే పేషెంట్ దగ్గర రెండు మూడు మిల్లీలీటర్లు లాగి ల్యాబ్‌కి పంపాలి. గ్రూప్ తేలడానికి పది పదిహేను నిమిషాలు, పూర్తి క్రాస్ మ్యాచ్‌కి, అంటే పేషెంట్ రక్తం, డోనర్ రక్తం ఒకదానికొకటి పడతాయో లేదో కలిపి చూసే పరీక్షకి, ముప్పావు గంట దాకా పడుతుంది. గ్రూప్ తేలగానే ఓ ఆపేసి పేషెంట్ సొంత గ్రూప్‌కి మారిపోతారు. శాంపిల్ పంపడం మర్చిపోతే ఓ మీద ఓ ఎక్కుతూనే ఉంటుంది, స్టాక్ ఖాళీ అవుతుంది, పైగా నాలుగైదు బ్యాగులు వెళ్లాక తీసిన శాంపిల్‌లో పేషెంట్ కణాలు, డోనర్ కణాలు కలిసిపోయి గ్రూప్ తేల్చడమే కష్టమవుతుంది. "రక్తం ఎక్కించాక మా ఆయన గ్రూప్ మారిపోయింది" అని నాకు ఉత్తరాలు వస్తుంటాయి, అది ఇదే, కొన్నాళ్లకి మామూలైపోతుంది. క్రాస్ మ్యాచ్ లేకుండా రక్తం విడుదల చేయమని డాక్టర్ సంతకం కూడా పెట్టాలి, ఊరికే ఇచ్చేయరు. ప్రతి బ్యాగు ట్యూబులోంచి చిన్న ముక్క ల్యాబ్‌లో ఉంచుకుని ఎక్కించాక అయినా క్రాస్ మ్యాచ్ చేసి చూస్తారు.

ఓ నెగటివ్ వాళ్లని యూనివర్సల్ డోనర్, అంటే అందరికీ ఇవ్వగలిగిన దాత అంటారే, ఆ పేరు మీద మాత్రం నాకు కొంచెం అభ్యంతరం ఉంది. అది ఎర్ర కణాల వరకే. ప్లాస్మాలో లెక్క తిరగబడుతుంది, మీ ప్లాస్మాలో ఏ మీదా బి మీదా రెండు యాంటీబాడీలూ ఉంటాయి, అందుకే ప్లాస్మాకి అందరికీ పనికొచ్చేది ఏబీ వాళ్లది. అందుకే ఎమర్జెన్సీలో మామూలుగా వాడేది ప్లాస్మా చాలావరకు తీసేసిన ప్యాక్డ్ సెల్స్. ఇంతకు ముందు రక్తం ఎక్కించుకున్న వాళ్లకి కెల్, డఫీ, కిడ్ లాంటి వేరే యాంటిజెన్ల మీద యాంటీబాడీలు ఉంటే ఓ నెగటివ్ కూడా పడకపోవచ్చు. ఇక 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే బృందం బయటపెట్టిన బాంబే గ్రూప్ ఉంది, మామూలు టెస్టులో ఓ లాగానే కనిపిస్తారు, కానీ ఓ కణాల మీద ఉండే హెచ్ అనే యాంటిజెన్ కూడా వాళ్లకి పడదు, మీ రక్తమే ఎక్కిస్తే ప్రాణాపాయం. వాళ్లకి ఇంకో బాంబే గ్రూప్ మనిషే ఇవ్వాలి. చాలా అరుదు అనుకోండి, కానీ క్రాస్ మ్యాచ్‌ని ఎవరూ తీసి పారేయకపోవడానికి ఇలాంటి వాళ్లే కారణం.

మీరు రక్తం ఇవ్వడం మానొద్దు. ఒక్కటి మాత్రం, ఏదైనా పెద్ద ప్రమాదం వార్త వచ్చిందని అందరూ ఒకే రోజు వెళ్లి ఇచ్చేస్తే ఆ బ్యాగులన్నీ ఒకేసారి డేట్ అయిపోతాయి, నెలన్నర తర్వాత మళ్లీ ఫ్రిజ్ ఖాళీ. బ్లడ్ బ్యాంక్ పిలిచినప్పుడు వెళ్లండి, వాళ్లు చెప్పిన గ్యాప్ పాటించండి.

బాబాయి గారికి రెండు మూడు నెలలు అయ్యాక ఒకసారి యాంటీబాడీ స్క్రీనింగ్ చేయించండి, ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్ అంటే ల్యాబ్ వాళ్లకి అర్థమవుతుంది. టెస్ట్ పాజిటివ్ వస్తే భయపడక్కర్లేదు, అది డి మీద యాంటీబాడీ అయితే ఇక నుంచి ఆయనకి నెగటివ్ రక్తమే ఎక్కించాలని అర్థం. ఆ రిపోర్ట్ పారేయకండి, ఎందుకంటే ఈ యాంటీబాడీలు కొన్నేళ్లకి టెస్టులో కనపడనంత తగ్గిపోవచ్చు, కానీ మళ్లీ పాజిటివ్ రక్తం తగిలితే రోజుల్లోనే లేస్తాయి. ఫలానా తేదీన రెండు బ్యాగులు ఓ పాజిటివ్ ఎక్కించారు, సొంత గ్రూప్ ఏ నెగటివ్, స్క్రీనింగ్ ఫలితం ఇదీ అని ఒక చీటీ రాసి ఆయన పర్సులో పెట్టండి, ఫోటో తీసి మీ ఫోన్‌లో కూడా ఉంచుకోండి.