రీకాల్‌లో మార్చిన పార్టే మళ్లీ ఊడింది, డబ్బు వెనక్కి అడగొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. 2022 ఏప్రిల్‌లో నాన్నగారి పేరు మీద 17 లక్షలు పెట్టి ఎస్‌యూవీ కొన్నాం. లోను ఇంకా నడుస్తోంది. ముందు లోయర్ ఆర్మ్‌ల బాల్ జాయింట్లలో లోపం ఉందని, ఉచితంగా మారుస్తామని 2024 ఆగస్టులో కంపెనీ నుంచి రీకాల్ ఉత్తరం వచ్చింది. బండి ఇస్తే పార్టులు లేవంటూ 19 రోజులు ఉంచుకుని సెప్టెంబరులో కుడివైపు మాత్రమే మార్చారు. ఎడమవైపు నవంబరులో మార్చారు. 2025 ఫిబ్రవరిలో ఎడమవైపు టకటకమని శబ్దం మొదలైంది. రెండుసార్లు తీసుకెళ్లినా ‘ఏమీ లేదు సార్’ అని పంపేశారు. నవంబరులో మా వీధి మలుపులో నెమ్మదిగా తిప్పుతుండగా ఎడమ ముందు చక్రం పక్కకు ఒరిగిపోయింది. అమ్మ చేతికి దెబ్బ తగిలింది. ఇప్పుడేమో మూడేళ్ల వారంటీ అయిపోయిందని, గుంతల్లో తోలడం వల్లే విరిగిందని, 48 వేలు కట్టాలని అంటున్నారు. రీకాల్ పని అయ్యాక ‘సంతృప్తి చెందాను’ అన్న ఫారం మీద సంతకం కూడా పెట్టాను. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. కానీ రీకాల్ ఉత్తరం ఒక్కటే మిమ్మల్ని గెలిపించదు. ఊడిపోయిన ఆ బాల్ జాయింటు, మీ జాబ్ కార్డులు (బండి ఇచ్చినప్పుడు మీ ఫిర్యాదు, చేసిన పని సర్వీస్ సెంటర్ రాసే కాగితాలు) గెలిపించాలి. అందుకే ముందు బండి సంగతి, తర్వాత చట్టం.

బండి సర్వీస్ సెంటర్‌లో ఉంటే, మా అనుమతి లేకుండా ఏ పార్టూ విప్పొద్దు, తీసిన పార్టు పారేయొద్దు అని ఈరోజే వాళ్లకూ, కంపెనీ కస్టమర్ కేర్‌కూ ఈమెయిల్ పెట్టండి. ఇంటి దగ్గరే ఉంటే నడిపి తీసుకెళ్లకండి. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే చెయ్యి. దాని చివర గిన్నెలో గుండులా కూర్చునేది బాల్ జాయింటు. పైనున్న రబ్బరు చిరిగి నీళ్లు, దుమ్ము చేరినా, తయారీలోనే గిన్నె పట్టు తక్కువైనా గుండు వదులవుతుంది. మొదట శబ్దం, ఆ తర్వాత ఊడిపోవడం. మీకు వీధి మలుపులో జరిగింది కాబట్టి చేతి దెబ్బతో పోయింది. అదే సూర్యాపేట హైవే మీద అయితే ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తోంది. రిపేరు బిల్లు గురించి బేరమాడే ముందు ఈ మాట కంపెనీకి రాతలో చేరాలి.

గుంతల వాదన గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే వినియోగదారుల కమిషన్ ముందు కంపెనీ వాళ్లు పట్టుకునేది దాన్నే. పార్టు ఊడేంత గట్టిగా గుంతలో పడితే సాధారణంగా రిమ్ము మీద సొట్టో, టైరు పక్కన ఉబ్బో, కోతో కనిపించాలి. అవి లేవని తెలిసేలా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. విరిగిన చోటును కడగొద్దు, తుడవొద్దు, రెండు ముక్కల్నీ కలిపి చూడొద్దు. అనుభవమున్న ఇంజినీరు ఆ విరిగిన భాగాన్ని చూసి, ఎప్పటి నుంచో కొద్దికొద్దిగా పగులుతూ వచ్చిందా, ఒక్క దెబ్బకు తెగిందా అన్నది చాలావరకు చెప్పగలడు. తుప్పు పట్టిన పాత పగులు కనిపిస్తే గుంత కథ అక్కడితో ఆగుతుంది. లోపం ఫ్యాక్టరీలో పుట్టడం వింతేమీ కాదు. 2018లో ఫోర్డ్ సంస్థ చెన్నైలో తయారైన 4,379 ఎకోస్పోర్ట్ బళ్లను ముందు లోయర్ ఆర్మ్ వెల్డింగు పరీక్ష కోసమే వెనక్కి పిలిచింది. మీ బండి విషయంలో ఆ పార్టులో లోపం ఉందని కంపెనీయే ఉత్తరం రాసింది. ఇప్పుడు రోడ్డును తప్పుపట్టాలంటే దానికి ఆధారం వాళ్లు చూపాలని మీరు గట్టిగా వాదించవచ్చు.

ఇక జాబ్ కార్డులు. నా దగ్గరికి వచ్చే బళ్ల కేసుల్లో ఎక్కువ బలహీనపడేది ఇక్కడే, చూసినప్పుడల్లా బాధేస్తుంది. యజమాని ‘ముందు ఎడమ చక్రం దగ్గర శబ్దం’ అని మూడుసార్లు చెప్పి ఉంటాడు, కార్డులో మాత్రం ‘జనరల్ చెకప్’ అని ఉంటుంది. ఫిబ్రవరి తర్వాత మీరు వెళ్లిన రెండుసార్ల కార్డులూ తీసి చూడండి. శబ్దం మాట లేకపోతే, ఆ రోజుల్లో సర్వీస్ అడ్వైజర్‌కు చేసిన వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ వివరాలు, బండి లోపలికి వెళ్లినప్పటి గేట్ పాస్ ఏవైనా సరే పోగు చేయండి. శబ్దం వీడియో ఉంటే మరీ మంచిది, దాన్ని తీసిన ఫోను మార్చకండి.

వారంటీ, రీకాల్ రెండూ ఒకటి కావు. వారంటీ కంపెనీ మీకిచ్చిన మాట. రీకాల్ వెనక చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 110ఎ సెక్షన్ చేర్చారు. బండిలో లోపం నడిపేవారికో, అందులో కూర్చున్నవారికో, రోడ్డు మీద ఇతరులకో హాని చేసేలా ఉంటే రీకాల్ చేయమని కేంద్రం ఆదేశించవచ్చు. లోపాన్ని కంపెనీయే గమనిస్తే ప్రభుత్వానికి చెప్పి తానే రీకాల్ మొదలుపెట్టాలి. దీని అమలు నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి ఉన్నాయి. 7 ఏళ్లలోపు బళ్లకు అవి వర్తిస్తాయి, మీది అందులోనే ఉంది. లోపం సరిచేస్తామని పిలిచి చేసిన పని ఏడాదికే ఊడితే, ఆ లోపం సరికాలేదనే అర్థం. మూడేళ్లు దాటాయన్న జవాబు దానికి సరిపోదు. కేంద్ర రవాణా శాఖ ‘వాహన్’ పోర్టల్లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. మీ చేతికి డబ్బు రావడానికి కాదు, ఇదే బండి నడుపుతున్న మిగతా కుటుంబాల కోసం.

డబ్బు మొత్తం వెనక్కి వస్తుందా అంటే, నిజం చెప్పాలి. అది తేలిక కాదు. పార్టు మార్చితే సరిపోయే చోట బండినే మార్చమనలేమని 2006లో మారుతి కారు క్లచ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరోవైపు హ్యుందాయ్ క్రెటా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో 2022లో అదే కోర్టు బండి మార్పిడి ఆదేశాన్ని సమర్థించింది. వేగం, బలం లెక్కలు కట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కాడని కూడా అంది. మీది ఈ రెండింటికీ మధ్యలో ఉంది. కాబట్టి మొదటి కోరికగా వాపసు, అది కుదరదంటే కంపెనీ ఖర్చుతో రెండువైపులా పూర్తి సస్పెన్షన్ మార్పు, దానికి కొత్త వారంటీ, బండి లేని రోజులకు పరిహారం అడగండి. వాపసు ఇచ్చినా తిరిగిన కిలోమీటర్లకు తరుగు తీయమని వాళ్లు కోరతారు, దానికి సిద్ధంగా ఉండండి.

అమ్మగారి దెబ్బకు అడిగే పరిహారాన్ని విడిగా చూపండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి బాధ్యత) కింద శరీర గాయానికి పరిహారం ఉంది. బండికే జరిగిన నష్టం మాత్రం ఆ నిర్వచనంలోకి రాదు. ఈ తేడా చూసుకోకుండా అన్నీ ఒకే పేరాలో కలిపేస్తే అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. బండి లోపాన్ని ‘వస్తులోపం’గా, 19 రోజుల జాప్యాన్నీ శబ్దాన్ని పట్టించుకోకపోవడాన్నీ ‘సేవాలోపం’గా రాయండి. ఆసుపత్రి చీటీ, ఎక్స్‌రే, బిల్లులు జత చేయండి.

కంపెనీని, అమ్మిన డీలర్‌ను, పని చేసిన సర్వీస్ సెంటర్‌ను ముగ్గురినీ చేర్చండి, ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయండి. పాత మోడల్ కారును డీలర్ కొత్తదిగా అంటగట్టిన ఒక టాటా మోటార్స్ కేసులో, డీలర్ తప్పు తెలిసినట్టు ఆధారం లేకుండా తయారీదారును బాధ్యుణ్ని చేయలేమని 2021లో సుప్రీంకోర్టు అంది. మీ దగ్గర రీకాల్ ఉత్తరం ఉంది కాబట్టి కంపెనీకి తెలియదనే మాట చెల్లదు.

కేసు ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, మీరుండే చోటు చాలు. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి అది దాని పరిధే. 10 నుంచి 20 లక్షల మధ్య ధరకు ఫీజు 400 రూపాయలు. ఫిర్యాదు నాన్నగారి పేరుతో వేయండి. యజమాని అనుమతితో వాడేవారు కూడా వినియోగదారులే గనుక మీరు రెండో ఫిర్యాదుదారుగా చేరవచ్చు. పార్టును ప్రయోగశాలకు పంపమని ఫిర్యాదుతో పాటే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి. నిపుణుడి నివేదిక లేకే ఇలాంటి కేసులు ఎక్కువగా పోతాయి. గడువు 2 ఏళ్లు. సెప్టెంబరు 2024 నాటి మొదటి రిపేరు నుంచి లెక్కించినా పేచీ రాకుండా 2026 సెప్టెంబరుకు ముందే వేయండి. నోటీసులు ఇచ్చిపుచ్చుకున్నంత మాత్రాన ఆ గడువు పెరగదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, రాజీ కుదిరితే మంచిదే, కానీ దాని కోసం నెలలు ఆగకండి.

ఈఎంఐ ఆపొద్దు. బండి చెడిపోవడానికి బ్యాంకు బాధ్యత లేదు, వాయిదాలు ఆగితే ఇంకో టెన్షన్ మొదలవుతుంది.

చివరిగా ఆ సంతకం. బండి తాళాలు చేతికి రావాలంటే పెట్టక తప్పని సంతకం అది. ఆ రోజు బయటికి కనిపించని లోపాన్ని మీరు వదిలేసుకున్నారని దానితో తేల్చలేరు. ఇకపై మాత్రం అలాంటి కాగితం ఇస్తే, ‘శబ్దం పోయిందో లేదో ఇంకా తెలియదు, అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, ఫొటో తీసుకున్నాకే తాళాలు అందుకోండి.